నీటికంటే ముందు వీధిలోకి వచ్చినవారు

పంతొమ్మిది వందల తొంభై నాలుగవ సంవత్సరం జూన్ నెల పదమూడవ తేదీ, సోమవారం ఉదయం, నగరపాలక సంస్థ మురుగునీటి విభాగంలో సహాయక ఇంజనీరుగా చేరిన మా కార్యదర్శిగారు, ముప్పై రెండేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం, నగర వాతావరణ శాస్త్ర సలహా మండలి కార్యదర్శి హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి సందర్భాలలో కార్యాలయమంతా కన్నీటి సముద్రమైందని రాయడం పరిపాటి. నీటి విషయంలో అతిశయోక్తులు రాస్తే ఆమె ఎర్రసిరాతో కొట్టివేస్తారు కనుక ఆ మాట రాసే సాహసం చేయను. నిజానికి ఈ వార్త విని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నవారు కూడా నగరంలో లేకపోలేదు. ఆమె ఏ వీధిలో ఆగి ఏ గోడవంక తేరిపార చూసినా ఆ ఇంటివారి గుండెల్లో రాయి పడేది. ఎందువల్లనో తెలియాలంటే కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న ఆమెను పెంచి పెద్దచేసింది పదేళ్ళు పెద్దదైన అక్కగారు. ఆ అక్కగారు పంపుహౌసు వీధిలో బట్టలు కుట్టి చెల్లెలికి చదువు చెప్పించారు. ఇంజనీరయి వచ్చిన చెల్లెలికి మురుగు కాలువల విభాగంలో ఉద్యోగమని తెలిసి, "ఇన్నేళ్ళు సూది దారం పట్టుకుని కళ్ళు పోగొట్టుకుంది నిన్ను కాలవల్లోకి దింపడానికటే?" అని నవ్వారట. కార్యదర్శిగారు మాత్రం ఆ పనిని ఏనాడూ చిన్నచూపు చూడలేదు. మురుగు ఎటు పోతుందో తెలిసినవాడికి ఊరి నాడి తెలిసినట్టేనని ఆమె నమ్మకం. నగరంలో ఆమె మూత ఎత్తించి చూడని మ్యాన్‌హోల్ లేదని పాతవారు చెబుతారు.

తరువాతి కాలంలో ఒక ఏడు ఎండలు మనుషులను పిట్టల్లా రాల్చాయి. మరుసటి ఏడు సముద్రపు పోటు నది వెంట ఊళ్ళోకి ఎగదన్నింది. అప్పుడు నగరపాలక సంస్థ మేలుకొని సలహా మండలిని ఏర్పాటు చేసింది. నీటి శాస్త్రం బోధించే ఆచార్యులు ఒకరు, నేల స్వభావం తెలిసినవారొకరు, వైద్యురాలొకరు, లెక్కలు కట్టే ఆర్థికవేత్త ఒకరు, వీరందరినీ ఒక తాటిమీద నడిపే కార్యదర్శిగా ఈమె. కార్యాలయమంటే గోదాము వెనక ఒక నేలగది. మండలికి అధికారం లేదు, ఆజ్ఞాపించే హక్కు లేదు. ఉన్నది నోరు ఒక్కటే. రాబోయే కాలంలో ఎండ ఎంత కాస్తుందో, నీరు ఎంత ఎత్తు వస్తుందో లెక్కగట్టి, దానికి తగినట్లు ఆసుపత్రులూ బడులూ రోడ్లూ ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో పాలకులకు చెప్పడం దాని విధి. వినడం, వినకపోవడం వారి ఇష్టం.

మొదటి నివేదిక దిండంత లావున తయారయింది. నెల తరువాత కార్యదర్శిగారు మేయర్ గారి గదికి వెళ్ళినపుడు, గాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్కకు అడ్డంగా అదే నివేదిక కనిపించింది. ఆమె తిరిగి వచ్చారు. తరువాతి సమావేశంలో ఒక ప్రతిపాదన చేశారు.

"కాగితం చదవరు సార్. గోడైతే చదవక ఛస్తారా? నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయని మన లెక్కో, ఆ ఎత్తున వీధుల్లో గీత గీయిద్దాం."

నీటి ఆచార్యులు కంగారుపడ్డారు. "అంచనా అంచనాయే అమ్మా. గోడమీద పెడితే జనం బ్రహ్మరాత అనుకుంటారు."

"అనుకోనివ్వండి. రాత తప్పించుకోడానికైనా కదులుతారు."

ఆ రోజునుంచి మండలికి ఒక ఆనవాయితీ ఏర్పడింది. ఏ అంకె అయినా సరే, దాన్ని లెక్కగట్టినవారు వీధిలోకి వెళ్ళి, ఆ అంకె ఎవరి నెత్తిన పడుతుందో వారి గుమ్మంలో నిలబడి రావాలి. అప్పుడు గాని అది గది దాటి బయటికి పోకూడదు. వైద్యురాలు మిట్టమధ్యాహ్నం బస్టాపులో ఉష్ణమాపకం పట్టుకొని నిలబడి, కళ్ళు తిరిగి కూలబడ్డారు. ఆ వేసవికే బస్టాపులకు నీడ వచ్చింది, బడి వేళలు మారాయి. పెద్దాసుపత్రి నేలమాళిగ గోడమీద గీత కప్పుకు తాకేటంత ఎత్తున పడేసరికి, అక్కడున్న జనరేటరు మూడో అంతస్తుకు చేరింది. వందల పుటలు సాధించలేని పనిని ఒక డబ్బా నారింజ రంగు సాధించింది.

అయితే ఆ గీతలు నగరాన్ని మరొక విధంగా కూడా మార్చాయి. దాన్ని గురించి మా కార్యాలయంలో ఎవరూ పైకి మాట్లాడేవారు కాదు. గీత పడిన ఇళ్ళలో గోడమీది ఫొటోలు ఒక్కొక్కటే పైకి జరిగాయి. చనిపోయినవారి ఫొటోలు ముందుగా జరిగాయి. టీ కొట్టుముందు నిలబడినవారు తమకు తెలియకుండానే గ్లాసును గీతకు పైన పట్టుకొనేవారు. బడినుంచి వచ్చే పిల్లలు గీత ఉన్న సందులో అడుగు పెడుతూనే ఊపిరి బిగబట్టి, అవతలి చివరకు వెళ్ళి వదిలేవారు. అది ఆటో భయమో వారికే తెలియదు. కొన్ని వీధులలో మనుషులు గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే, "ఏమో, ఇక్కడ గట్టిగా మాట్లాడాలనిపించదండీ" అనేవారు. మా గదిలో గీత కూర్చున్న గుమాస్తాల మెడల ఎత్తున పడింది. ఇన్నేళ్ళూ పీకల్లోతు నీళ్ళలో కూర్చొని ఫైళ్ళు నడిపామంటే అది అబద్ధం కాదు.

జనం ఆమెకు "గీతలమ్మ" అని పేరు పెట్టారు. "అన్నం తినకపోతే గీతలమ్మ వచ్చి నీ మెడ దగ్గర గీత గీస్తుంది" అని తల్లులు పిల్లలను బెదిరించేవారు. ఈ సంగతి విని ఆమె పగలబడి నవ్వారు. కాని ఆ తరువాత వీధుల్లోకి వెళ్ళేటప్పుడు పిల్లలు కనిపిస్తే చేతులు వెనక్కి కట్టుకొనేవారు.

పంపుహౌసు వీధి గీత చీలమండ ఎత్తున పడింది. అక్కగారు అప్పటికి ఇల్లు పెద్దది చేసి, ముందుగదిలో కుట్టు మిషన్లు వేసి, నలుగురికి పని నేర్పే దుకాణం పెట్టాలనుకుంటున్నారు. "నువ్వు చెప్పవే, ఇక్కడ కట్టుకోవచ్చా?" అని చెల్లెలినే అడిగారు. "నిక్షేపంగా కట్టుకో అక్కా. చీలమండ దాకా వస్తాయి, అదీ మనం పోయాక" అన్నారు కార్యదర్శిగారు. అక్కగారు దాచుకున్నదంతా ఊడ్చి ఆ ఇంట్లో పెట్టారు.

ఆ తరువాత రెండేళ్ళకు, గీతలకు మళ్ళీ రంగు వేయించినపుడు, పంపుహౌసు వీధి మలుపు దగ్గర ఒక వింత జరిగింది. పక్కవీధినుంచి వచ్చే గీత, ఈ వీధినుంచి వెళ్ళే గీత, మలుపులోని గోడమీద కలవాలి. కలవలేదు. ఒకదానికీ మరొకదానికీ మధ్య బెత్తెడు ఎడం ఉంది. రంగులు వేసేవాడు తాగి గీశాడని అందరం తేల్చేశాం. "నేను తాగేది సాయంత్రమండీ, గీసింది పొద్దున్న" అని అతను మొత్తుకున్నా ఎవరూ వినలేదు. మరుసటి ఏడు మనిషిని మార్చారు. ఈసారి ఎడం జానెడయింది. మూడో ఏడు ఇంజనీర్లే దగ్గరుండి కొలిచి గీయించారు. రెండు గీతలూ తమ తమ లెక్కల ప్రకారం అక్షరాలా సరిగ్గా ఉన్నాయి. ఒకదానికొకటి మాత్రం ఏటేటా దూరమవుతున్నాయి. ఆ మలుపులో నిలబడి చూస్తే, ఒకే గోడమీద రెండు వేరు వేరు నీళ్ళు వస్తాయని ఎవరో ముందే రాసిపెట్టినట్లుండేది.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం కార్యదర్శిగారు అక్కగారి దుకాణంలో కూర్చున్నారు. మిషన్లు ఆగి ఉన్నాయి. ఎక్కడో నేలకింద ఎవరో చప్పరిస్తున్నట్లు సన్నని చప్పుడు వినవస్తున్నది. వాన కురిసి నెలలయినా గుమ్మంముందు కాలువలో నీరు కదలకుండా నిలిచి ఉన్నది. అక్కగారి చేతిలోంచి దారపు కండె జారి పడి, గచ్చుమీద దొర్లుతూ, మిషన్ల కిందుగా పోయి, పంపుహౌసు వైపు గోడకు తగిలి ఆగింది.

"ఏది పడ్డా ఆ మూలకే పోతుందే. గుండీ పడ్డా అక్కడే, సుద్దముక్క పడ్డా అక్కడే. వెతుక్కునే బాధ తప్పింది" అన్నారు అక్కగారు.

"ఎప్పట్నించి అక్కా?"

"దుకాణం పెట్టిన కొన్నాళ్ళనించీ. తలుపులు కూడా వాటంతట అవే తెరుచుకుంటున్నాయి. ఇంట్లో ఎవరో తిరుగుతున్నారని పనికొచ్చే పిల్లలు ఒక్కరూ ఒంటరిగా ఉండరు."

కార్యదర్శిగారు కండె తీసి మళ్ళీ నేలమీద పెట్టారు. అది కాసేపు ఆలోచించుకొని, మళ్ళీ అటే కదిలింది. ఆమె లేచి, వెనుదిరిగి చూడకుండా పంపుహౌసుకు నడిచారు. ఆ వీధి ఎత్తులన్నీ కొలవడానికి ఆధారం పంపుహౌసు పునాదిలో పాతిన ఒక మట్టపు రాయి. పక్కవీధికి ఆధారం వేరే రాయి; ఇది పూర్వకాలపు సర్వేవారు పాతింది. దాని ఎత్తు శాశ్వతమని మండలిలో ప్రతి ఒక్కరూ నమ్మారు. పంపు నిరంతరాయంగా నేలలోని నీటిని తోడుతున్నది. నేల లోలోపల గుల్లబారి దిగుతున్నది. నేలతో పాటు ఇళ్ళు, ఇళ్ళతో పాటు ఆ రాయి కూడా దిగుతున్నది. ఏటా ఇంజనీర్లు వచ్చి, కుంగుతున్న రాయినుంచి కుంగుతున్న వీధిని కొలిచి, వీధి చెక్కుచెదరలేదని సంతకాలు పెట్టి వెళ్ళారు. కంచే చేను మేసింది. పెద్ద చదువులు చదివిన మండలి, ప్రపంచమంతా మారుతుందని లెక్కలు కట్టిన మండలి, ఒక రాయి మాత్రం మారదనుకున్నది.

దూరాన కుంగని కొండబండనుంచి కొలతలు తెప్పించి లెక్క సరిచేస్తే, అక్కగారి ఇంట్లో గీత చీలమండనుంచి ఛాతీ ఎత్తుకు లేచింది. వీధి మొత్తం ఖాళీ చేయించడం తప్ప గత్యంతరం లేదని మండలికి అర్థమైంది. ఎన్నికలు దగ్గర పడ్డాయి, ఒక్క ఏడాది ఆగి మరోసారి కొలుద్దామన్నవారున్నారు. సొంత అక్కగారి ఇల్లు కనుక ఈ విషయంనుంచి తప్పుకోవచ్చునని ఆచార్యులు మెల్లగా సూచించారు. "నా వాళ్ళ ఇల్లని నేను తప్పుకుంటే, మిగతా ఇళ్ళవాళ్ళు ఎవరి వాళ్ళు సార్?" అన్నారామె. మేయర్ గారితో సంభాషణ కూడా పొడవుగా సాగలేదు.

"ఇంతమందిని కదిలించాక నీళ్ళు రాకపోతేనో?"

"నన్ను తిట్టండి. కదిలించకుండా వస్తే తిట్టడానికి మనుషులుండరు."

మేయర్ గారు చాలాసేపు కిటికీ వంక చూసి సంతకం చేశారు. రాజకీయంగా అది ఆయనకు ఎంత ఖరీదైన సంతకమో అందరికీ తెలుసు కనుక ఆయనను కూడా ఈ సందర్భంగా అభినందించడం న్యాయం.

అక్కగారి ఇంట్లో గీత గీయడానికి కార్యదర్శిగారు తామే వెళ్ళారు. ఆనవాయితీ ప్రకారం అంకెతో గుమ్మంలో నిలబడవలసినవారు ఆమే. అక్కగారు మిషను మీద చేతులు పెట్టుకొని కూర్చొని, గీత ఈ చివరనుంచి ఆ చివరకు పాకడం చూశారు.

"చీలమండ అన్నది నువ్వేగా?"

"నేనే అక్కా. తప్పు చెప్పాను."

"ఇప్పుడు ఛాతీ అంటున్నావు. రేపు నెత్తి మీదికంటావు. కడుపు మాడ్చుకుని కట్టుకున్న ఇల్లు." అక్కగారి గొంతు పెరగలేదు. "నీళ్ళు నా ఇంటికి రాలేదే. నువ్వొచ్చావు."

 అక్కగారు మిషన్లు బండికెక్కించుకొని, ప్రభుత్వం చూపిన నాలుగో అంతస్తు ఇంటికి వెళ్ళిపోయారు. ఆ రోజునుంచి చెల్లెలితో మాటలు లేవు. చెల్లెలు ఫోను చేస్తే ఎత్తుతారు, ఎదురుగా పెడతారు, మిషను తొక్కుతారు. కార్యదర్శిగారు ఆ మిషను చప్పుడు వింటూ కాసేపుండి ఫోను పెట్టేస్తారని, ఆమె గది పక్కన కూర్చొనే మా అందరికీ తెలుసు. ఆ విషయం తెలిసీ ఇన్నాళ్ళు తెలియనట్లు నటించాం. ఆ నటన ఇక చాలించడం మంచిదనిపించి రాస్తున్నాను.

వీధి ఖాళీ అయిన ఏడాదికి నీరు వచ్చింది. తుఫానులా వస్తుందని అందరం అనుకున్నాం. అలా రాలేదు. ఎక్కడో నడిసముద్రంలో తిరిగిన గాలి మన ఒడ్డు తాకకుండానే పక్కకు పోయింది. దాని తోపుకు నది మాత్రం పొంగింది. ఊళ్ళో చినుకు లేదు, మబ్బు లేదు. చెమట కారే మిట్టమధ్యాహ్నం. కార్యదర్శిగారు, ఆచార్యులు వీధి మలుపులోని ఎత్తు అరుగుమీద నిలబడి చూశారు. మ్యాన్‌హోల్ మూతలు చప్పుడు చేయకుండా లేచి పక్కకు జరిగాయి. నీరు కిందినుంచి వచ్చింది. గచ్చుమీది చదరపు గళ్ళు స్పష్టంగా కనిపించేటంత తేటగా, ఏమాత్రం తొందర లేకుండా, గుమ్మం గుమ్మానా ఆగి లోపలికి వెళ్ళింది. తెరిచి ఉన్న తలుపులోంచి అక్కగారి దుకాణం కనిపిస్తున్నది. కొక్కేనికి మరిచిపోయిన సగం కుట్టిన చొక్కా ఒకటి వేలాడుతున్నది. నీరు పెరుగుతున్న కొద్దీ దాని చేతులు రెండూ మెల్లగా పైకి లేచాయి. ఆ చొక్కా ఎవరిదో, ఆ కొలతల మనిషి ఇప్పుడెక్కడున్నాడో అని ఆమె అనుకున్నారట.

నీరు గీత దగ్గరికి వచ్చి ఆగింది. గీతకు కింద కాదు, పైన కాదు. ఆ చివరనుంచి ఈ చివర వరకు, ప్రతి గోడమీదా, గీత వెంబడే నిలబడింది. కాసేపటి తరువాత వచ్చిన దారినే దిగిపోయింది.

జీవితమంతా అంచనాలు నిజం కావాలని కోరుకున్న ఆచార్యులు ఆనాడు సంతోషించలేదు. "ఇంత సరిగ్గా రాకూడదమ్మా. లెక్కలు ఇలా రావు. అది మన గీత చదువుకుని వచ్చినట్టుంది" అన్నారు.  ఆచార్యులు మరుసటి వారమంతా లెక్కలు తిరగేసి, ఎక్కడా తప్పు దొరక్కపోయేసరికి మరింత భయపడ్డారు.

మరునాడు పత్రికలలో ప్రాణనష్టం లేదని రెండు పంక్తుల వార్త వచ్చింది. ఒక సలహా మండలి జీవితకాల విజయానికి దక్కే చోటు అంతే. జరగని దానికి ఫొటో ఉండదు. కాని ఆనాటినుంచి కార్యదర్శిగారికి ఒక అలవాటయింది. పంపుహౌసు వీధివారు ఎవరైనా బజారులో ఎదురుపడితే, బేరమాడుతున్నవారినీ ముక్కు తుడుచుకుంటున్నవారినీ ఒక క్షణం ఎక్కువసేపు చూస్తారు. ఆ మధ్యాహ్నం నిద్రలో ఉండి లేవలేకపోయేవారు వీరిలో ఎవరు? కూరగాయలు ఏరుతున్న ఈ ముసలాయనా? సైకిలు నేర్చుకుంటున్న ఆ పాపా? కాపాడబడినవారికి తాము కాపాడబడ్డామని తెలియదు, ఆమెకు ఎవరిని కాపాడారో తెలియదు. ఇటువంటి రుణానుబంధం లోకంలో మరొకటి ఉంటుందని అనుకోను.

ఆమె చలవవల్ల నేడు నగరంలోని మట్టపు రాళ్ళన్నీ కొండబండతో సరిచూసినవే. నేలనీరు తోడే పంపులు మూతపడ్డాయి. మండలి ఇచ్చిన సలహాను కాదనదలచుకుంటే పాలకులు ఆ సంగతిని బహిరంగసభలో కారణాలతో చెప్పాలన్న నియమం వచ్చింది. ఎన్నో నగరాలవారు వచ్చి మన పద్ధతి చూసి వెళ్ళారు. ఇవన్నీ ఆమె సేవాపత్రంలో ఉంటాయి. అక్కగారి మౌనం ఉండదు.

మా కార్యాలయ పత్రిక ఈ వీడ్కోలు సంచికలో కుటుంబసభ్యుల మాట ఒకటి ఉండాలన్న నెపంతో, పోయినవారం నేను ఆ నాలుగో అంతస్తుకు వెళ్ళాను. అక్కగారు మిషను దగ్గరనుంచి లేవలేదు. వచ్చిన పని చెప్పాను.

"నీళ్ళు గీతదాకా వచ్చాయిగా" అన్నారు. "టీవీలో చూశాను. అయితే ఏంటి? నేనుంటే మేడెక్కేదాన్ని."

పంపుహౌసు వీధి ఇంటికి మేడ లేదు.  మిషను కాసేపు నడిచి ఆగింది.

"రాసుకోండి. దాన్ని నూరేళ్ళు బతకమన్నానని రాయండి. వేళకి తినమనండి, మోకాళ్ళు చూపించుకోమనండి. నా కోపం తీరేసరికి అంత కాలం పడుతుంది. అది ముందే పోతే ఇంత కోపం పెట్టుకుని నేనేం చేసుకోను?"

అక్కగారి ఆ కోపం నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, దాన్ని చివరిదాకా భరించగల ఆయురారోగ్యాలు మా కార్యదర్శిగారికి సమృద్ధిగా కలగాలనీ, ఈసారి ఫోను చేసినపుడు అవతల మిషను చప్పుడు ఆగాలనీ కార్యాలయ సిబ్బంది యావన్మంది తరఫున మనసారా కోరుకుంటున్నాను.